సింఫనీలో తోలు మోత

దిండి రిసార్టులో విదేశీ బృందం రెండొందల ఏళ్ల నాటి వాయిద్యాలతో సింఫనీ వాయించింది. కచేరీ అయ్యాక ఇంటికెళ్లే ఆటోలో డోలు విద్వాంసుడు తనలో తనే నవ్వుకుంటుంటే, పక్కనున్న భార్యకు కోపం వచ్చింది.

"విరామంలో నన్నొదిలేసి ఎక్కడికెళ్లిపోయేరండీ?"

"తెర వెనక్కి. రాగి గంగాళాల్లాంటి డోళ్లున్నాయి చూడు, వాటికీ మన డోలుకున్నట్టే తోలేనే. గోదావరి గాలి చెమ్మకి ఆ తోళ్లు మెత్తబడిపోయేయి. వాయించే అమ్మాయి ఏడుపొక్కటే తక్కువ."

"మీకు ఇంగ్లీషు రాదు కదండీ?"

"తోలు మీద చెయ్యేసి చూపించేను. వంటశాలలోంచి కుంపటి తెప్పించి, దూరంగా పట్టి సెగ చూపించేను. ఖంగుమంది!"

"అయితే తర్వాత నా గుండె అదిరిపోయిన మోత..."

"అదే! ఆ తోలు నాదం కోసమే ఆ పాత వాయిద్యాలన్నీ మోసుకుని దేశాలు తిరుగుతున్నారంట, కుంపటి తెచ్చిన కుర్రాడు ఆ అమ్మాయినడిగి చెప్పేడు."

ఆమె గొంతు మెత్తబడింది. "తోలు మానేసి ప్లాస్టిక్ డోలు కొనమని మిమ్మల్ని పోరింది నేనే. రేపు కొత్తపేట పెళ్లికి తోలుదే తీసుకెళ్లండి. నేనూ వస్తాను."

"నువ్వా? ఇన్నేళ్లలో ఎప్పుడైనా వచ్చేవా?"

"రాలేదు. రేపు ముందు వరసలో కూచుంటాను. గట్టిగా వాయించండి."

"ఆయ్!" అన్నాడాయన, ఆటో అంతా వినబడేలా.