బొంగరంలో చందమామ

హలో… ఆ, నేనేనమ్మా హెలెన్, చల్లపల్లి పెదనాన్నని. ఒక్క రింగుకే ఎత్తావంటే లాయరమ్మగారికి ఇవాళ కేసుల్లేవన్నమాట!

…

సరే, నవ్వనులే. … మా ఫిన్నీగాడా? అలాగే ఉన్నాడు. మింగిన బిళ్ళ తీసేశారు గానీ గొంతు లోపల పుండు పడిందంట. ముక్కులోంచి గొట్టం వేసి పాలు పోస్తున్నారు. నాలుగేళ్ళ మనవడమ్మా… మీ పెద్దమ్మ ఆస్పత్రి వరండా వదిలి రావట్లా.

…

అవును, వాచీ సెల్లులాంటి బిళ్ళే. క్రిస్మస్‌కి గుళ్ళో పిల్లలకి పంచాం చూడు, లైటు బొంగరాలు… వాటి అడుగున, మూత కింద ఉంటది.

— స్క్రూనా? గుంట ఉంది, స్క్రూ లేదు. గోరు పెడితే మూత ఊడొచ్చుద్ది. … అన్నిటికీ అంతే. … ఐఎస్ఐ గుర్తా? గుర్తు కాదు గదా, చేసినోడి పేరే లేదు అట్ట మీద.

ఆఁ, రాసుకుంటున్నా. నెమ్మదిగా చెప్పు తల్లీ, నేను చదివిన ఐదో క్లాసుకి అందేట్టు. … జిల్లా… వినియోగదారుల… కమిషన్. వాడి తరఫున వాళ్ళ నాన్న కేసు వెయ్యాలి. రెండేళ్ళలోపు. … అయితే చేసినోడు దొరక్కపోయినా అమ్మినోడు జవాబు చెప్పాల్సిందేనా! … కొన్నది నేను, మింగింది వాడు. మరి చెల్లుద్దా? … వాడుకున్నోడికీ హక్కుందా. మంచి చట్టమే.

— ఆ ఏడుపెవరిది? క్రిస్టినాదేనా? … జలుబా? పొద్దుట్నించి ఏమీ ముట్టుకోలేదా? నీ కూతురు మొండిది, అచ్చం నీలాగే. సిరప్పు పోశావుగా, తగ్గుద్దిలే.

ఆ, బొంగరాలు అమ్మిన కొట్టువాడి సంగతి. మీ బెజవాడ గవర్నర్‌పేట నించి నిన్న ఫోన్ చేశాడు. మధ్యాహ్నానికి ఆటో పంపిస్తాడంట. బొంగరాలన్నీ ఇచ్చేసి, ఏదో కాయితం మీద సంతకం పెడితే, బదులు కొత్త బొమ్మలంట. … ఒక్కటీ ఇవ్వొద్దా? సాక్ష్యమా! … అమ్మ దొంగా. నేను ఆటోవాడికి కాఫీ కూడా పెట్టిద్దామనుకున్నా.

…

హెలెన్, ఇంకో మాట. కేసులో అవతలోళ్ళు అడిగితే ఏం చెప్పాలో తెలీట్లా. … చెప్తున్నా, ఉండు. దూది గడ్డం పెట్టుకుని క్రిస్మస్ తాతగా పంచింది నేనే గదా. ఊరికే చేతిలో పెడితే ఏం బాగుంటదని… కథ చెప్పా.

— ఏం కథంటే… పులిగడ్డ దగ్గర కృష్ణలో వల వేస్తే చందమామ పడింది, ఒడ్డుకి లాగేసరికి ముక్కలైపోయింది, ముక్కకో బొంగరం చేశా అన్నా. లోపల మెరిసేది అదేనర్రా, అది మింగినోళ్ళు చీకట్లో దీపంలా వెలుగుతారు అన్నా.

…

పెద్దోళ్ళందరూ నవ్వారు. నా కోతలు వాళ్ళకి కొత్తా? ఫిన్నీగాడు మాత్రం నవ్వలా. మూడోరోజు పట్టపగలు దుప్పట్లో దూరి, "తాతా, వెలుగుతున్నానా?" అనడిగాడు. నేను… "ఓ, కళ్ళు జిగేల్‌మంటున్నాయిరా" అన్నా. ఆటనుకున్నానమ్మా.

…

ఉన్నదున్నట్టు చెప్పాలా. సరే. గోటికి మూత ఊడటం వాళ్ళ తప్పేనంటావు. సరే.

— ఎలా తెలిసిందా? ముందు జలుబే అనుకున్నాం. దగ్గు. చొంగ. ఇడ్లీ ముక్క నోట్లో పెట్టుకుని మింగకుండా కూర్చునేవాడు. సిరప్పు పోశాం. తర్వాత ఎక్స్‌రేలో కనబడింది… నల్లగా ఉన్న దాని మధ్యలో తెల్లగా, గుండ్రంగా. చందమామలాగే ఉందమ్మా.

…

హెలెన్?

— ఏంటీ? … బొంగరాలు లెక్కపెట్టాలా? సంచి ఇక్కడే ఉంది, ఉండు. బిల్లులో ఇరవై నాలుగు. పిల్లలందరి దగ్గరా తిరిగి తీసుకున్నా, ఫిన్నీగాడిదీ ఇందులోనే వేశా. … పది… పదిహేను… ఇరవై… ఇరవై మూడు.

ఉండుండు, మళ్ళీ.

…

ఇరవై మూడే. గుళ్ళో పిల్లలు ఇరవై ముగ్గురే గదా. అందరివీ వచ్చేశాయి. మరి మిగిలిందొకటి నేను… ఒకటి నేను…

…

అమ్మా హెలెన్. మొన్న మా ఇంటికొచ్చి వెళ్తూ మీరు బెజవాడ బస్సెక్కేటప్పుడు… క్రిస్టినా స్వెట్టరు జేబులో… "మీ అమ్మకి చెప్పకే, లాయరు, బిల్లు అడుగుద్ది" అన్నా. ఊరికే ఆట పట్టిద్దామని…

— కథా?

…

చెప్పా. దానికీ చెప్పా.

— అరవకు. తర్వాత తిట్టు. ఇంక సిరప్పు పొయ్యకు. నీళ్ళూ వద్దు, ఏమీ పెట్టొద్దు. మా డాక్టరు అదే అన్నాడు, ప్రతి గంటా లోపల కాలుద్దంట. పిల్లనెత్తుకుని పెద్దాస్పత్రికి పో. బిళ్ళ మింగిందని గుమ్మంలోనే అరిచి చెప్పు. … హెలెన్!

…

హెలెన్, ఫోన్ పెట్టేశావా? … ఎవరూ?

— క్రిస్టినా… నువ్వా తల్లీ? అమ్మేదీ? … ఆటో పిలుస్తోందా. మంచిది, అమ్మతో వెళ్ళు, ఆఁ? … ఏంటి? వినపడట్లేదు బంగారం, కొంచెం గట్టిగా చెప్పు. … నొప్పా? … కాదా? మరేంటి?

…

…

లేదు తల్లీ. వెలగట్లా. నువ్వేం వెలగట్లా. తాత చెప్పింది అబద్ధం… అంతా అబ—