ఒక వాషరు మిగిలింది

అధ్యక్షత వహించిన పెద్ద డాక్టరుగారికి, ఆయన పక్కన కూర్చుని నేనింకా మొదలుపెట్టకముందే గడియారం చూసుకుంటున్న మత్తు డాక్టరుగారికి, నాతోపాటు ఆపరేషన్ థియేటర్లో నిలబడి నిలబడి కాళ్లు వాచిపోయిన సిస్టర్లకు, నా నోటికి భయపడినా నా మాట ఏనాడూ కాదనని వార్డు తమ్ముళ్లకు, ముందు వరసలో కూర్చుని "ఇంటి సంగతులు చెప్పకు" అని కళ్లతోనే బతిమాలుతున్న మావారికి, అందరికీ నమస్కారం. చెప్తానండీ. ఇవాళ నన్నెవరూ ఆపలేరు. (నవ్వులు)

ఇందాక పెద్ద డాక్టరుగారు "సిస్టరుగారు చాలా సౌమ్యురాలు" అంటుంటే ఎవరి గురించో అనుకుని నేనూ చప్పట్లు కొట్టాను. ఒక్క గుడ్డముక్క లెక్క తేలలేదని ఆయన్ని కుట్లు వెయ్యనివ్వకుండా నిలబెట్టిన రోజున ఆయన నన్నేమన్నారో ఈ మైకులో చెప్పను. ఆ గుడ్డముక్క చివరికి ఎవరి చెప్పు కింద దొరికిందో కూడా చెప్పను. (నవ్వులు) సరే, మీరే నవ్వుతున్నారు కాబట్టి అందరికీ తెలిసిపోయింది, సార్.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. మా దగ్గర ఒక పద్ధతుంది. కోత పెట్టేముందు కత్తెరలు, సూదులు, గుడ్డముక్కలు అన్నీ లెక్కపెడతాం. మూసేముందు మళ్లీ లెక్కపెడతాం. "లెక్క సరిపోయింది" అని సిస్టరు అంటేనే డాక్టరు కుట్లు వేస్తారు. ఆ మాట ఇన్నేళ్లూ నాది. అది నా ఒంట్లో ఎంతగా జీర్ణించుకుపోయిందో మొన్నగానీ నాకు తెలిసిరాలేదు.

బస్సు డ్రైవరుగా చేసిన మావారు నాకంటే ముందే రిటైరయ్యారు. అప్పట్నించీ వంటిల్లు ఆయన రాజ్యం. నేను గరిటె ముట్టుకుంటే చాలు, "అలసిపోయొచ్చావు, నువ్వు కూర్చో" అంటారు. వినడానికి ఎంత బావుందో కదా! కానీ రిటైర్మెంటు దగ్గరపడేకొద్దీ నాకు గుబులు పట్టుకుంది. రేపట్నించి అలసిపోయి రాను. మరి ఆ ఇంట్లో నేనేం చెయ్యాలి?

ఆ గుబులుకి మందుగా, వరండాలో పట్టా కింద ఏళ్ల తరబడి నిద్రపోతున్న మా పాత స్కూటరు మీద పడ్డాను. "వీడ్కోలు సభకి దీని మీదే వస్తాం" అని థియేటర్లో అందరి ముందూ శపథం కూడా చేసేశాను. అదిగో, ఆ మూల తలొంచుకున్న తమ్ముడు, "తోసుకుంటూ వస్తారా అక్కా?" అన్నాడు.

మావారు కిక్కు కొట్టీ కొట్టీ చెప్పు తెంపుకుని, "కార్బ్యురేటర్‌లో పెట్రోలు ఎండి జిగురు కట్టేసింది, మెకానిక్కుని పిలుద్దాం" అన్నారు. "రోజూ పొట్టలు కొయ్యడం చూసేదాన్ని, ఇదెంతండీ" అన్నాను. భోజనాల బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ పరిచి, ట్రే పెట్టి (డాక్టరుగారూ, ఆ ట్రే మా ఇంటిదే, కంగారుపడకండి), ఆయన కార్బ్యురేటర్ విప్పుతుంటే నేను పనిముట్లు అందించాను. "స్క్రూడ్రైవర్" అనగానే అలవాటుకొద్దీ ఆయన అరచేతిలో ఠపీమని పెట్టాను. "ఏమోయ్, చెయ్యి విరగ్గొడతావా?" అన్నారు. పెట్రోలు దూరే బుల్లి జెట్టుని ఆయన పిన్నీసుతో పొడవబోతే ఆ చేతి మీదే ఇంకొకటిచ్చాను. రంధ్రం పెద్దదైతే బండి పెట్రోలు తాగేస్తుందట మరి! సిరంజిలో క్లీనరు నింపి ఒత్తితే అవతలివైపు దారంలాంటి ధార వచ్చింది. "అబ్బ!" అన్నారాయన. పెళ్లయిన ఇన్నేళ్లలో నన్ను చూసి ఒక్కసారీ అలా అనలేదు. (నవ్వులు)

పాత వాషర్లు తీసేసి, షాపు నుంచి తెచ్చిన పొట్లంలోని కొత్తవి వేసి, అంతా బిగించాం. చూద్దును కదా, గుడ్డ మీద కొత్త వాషరొకటి మిగిలింది! "లోపల ఏదో మర్చిపోయాం, విప్పండి" అన్నాను. విప్పారు. మళ్లీ బిగించారు. మళ్లీ మిగిలింది. మళ్లీ విప్పమన్నాను. "ఇది స్కూటరే తల్లీ, దీనికి స్కానింగు తీయించమంటావా?" అని ఆయన తలపట్టుకుని షాపుకి ఫోను చేశారు. షాపతను తాపీగా, "ఆ పొట్లం రెండు రకాల బళ్లకీ ఒకటేనండీ. ఆ వాషరు మీ బండిది కాదు, మిగలాల్సిందే" అన్నాడు.

బండి స్టార్టవుతుందని నేను సంతోషించాలి కదా. నాకు ఏడుపొచ్చింది. ఆ వాషరు నిగనిగలాడుతోంది, ఏ వంకా లేదు, కానీ దానికి చోటు లేదు. "రేపట్నించి ఈ ఇంట్లో నేనూ ఇంతేనేమోనండీ" అనేశాను.



మావారు మాటల మనిషి కాదు. చేతులు తుడుచుకుంటూ, "వెనక సీట్లో బరువు లేకపోతే ఈ బండి ప్రతి గుంతలోనూ ఎగిరిపడుతుంది. నువ్వెక్కకపోతే నేను తియ్యను" అన్నారు. అది ప్రేమో, నన్ను లావన్నారో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. (నవ్వులు)

ఇవాళ నాలుగు కిక్కులకి అందుకుంది. గేటు దగ్గర బండి పొగ చూసి మన వాచ్‌మన్ ఇసక బకెట్టుతో పరిగెత్తుకొచ్చాడు గానీ, మేం తోసుకుంటూ మాత్రం రాలేదు తమ్ముడూ!

ఇన్నేళ్లూ నన్ను భరించి, ఇవాళ ఇంత ఆదరంగా సాగనంపుతున్న మీ అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఇక ముగించాలంటే లెక్క చెప్పాలి. అది రేపట్నించి నా పని కాదు, నా చోటులోకి వస్తున్న ఈ చెల్లెలిది. లే, చెప్పమ్మా.

("ఒకటి తక్కువొచ్చిందక్కా" అని ఆమె అంటుంది.)

ఏడవకు. తక్కువొస్తే ఏం చెయ్యాలని నేర్పాను నీకు? అది ఎక్కడుందో తెలిసేదాకా వెతకాలి. తెలిశాక లెక్కలో కలుపుకోవాలి. రేపట్నించి ఎవరడిగినా చెప్పు, అది స్కూటరు వెనక సీట్లో ఉందని.

లెక్క సరిపోయింది. ఇక మీరు కుట్లు వేసుకోవచ్చు, డాక్టరుగారూ. సెలవు.