గూట్ల ఉన్న జవాబు

ఆగు ధర్మా, జర ఆగు. వచ్చుడు వచ్చుడే కంప్యూటర్ మిషన్ ముందట కూసుంటివి. మహబూబాబాద్ నుంచి పొద్దుగాల బండికి నిలవడి వచ్చినట్టున్నవ్, మొకం గుంజుకపోయింది. చాయ్ అన్న తాగినవా? అడుగుతుంటె 'పోశయ్య కాకా, ఐదు నిమిషాల పని' అంటవ్.

ఐదు నిమిషాల పనేనా గిది?

దొంగ దొరికిండన్నట్టు అట్ల చూడకు. నేను దాచలే. నువ్వు అడగలే, నేను చెప్పలే. ఇప్పుడు అడిగినవ్, చెప్తున్న. అవును, నేనే. రోజూ మార్కెట్ల పత్తి కాంటా కాడికి పోకముందు ఈ మెట్లెక్కి, తాళం తీసి, దీన్ని లేపి, సుమన రాసిన మాటల మొదటి అక్షరాలు ఒక్కొక్కటి కొడుతున్న. అందుకే నా బిడ్డ సుమన వాక్యాలు జనగామల ఇంకా పోలే. అయిందా? దొరికిండా దొంగ?

నవ్వకు. ఏడో తరగతి సదివినోడు మిషన్ని పట్టుకొని ఆపిండంటె నవ్వొస్తది, నాకు ఎరుకే. గని నేర్పింది నువ్వే గదా!

యాది లేదా? ఈ బట్టల దుకాణం మీది అర్ర కిరాయికి తీసుకున్న కొత్తల. నువ్వు, సుమన, ఇంకో నలుగురు పిల్లలు. 'కాకా, గిది మన తెలంగాణ మాటల నిఘంటువు. మాటంత కొట్టే పని లేదు. ఒక్క అక్షరం కొట్టంగనే దాంతోని మొదలయ్యే మాటలన్ని అర్థాలతోని వస్తయ్' అంటివి. ఎక్కడి నుంచి వస్తయ్ రా అంటె, హైద్రాబాద్ల పెద్ద మిషన్ ఉన్నదంటివి. ప్రతిసారి దాన్ని అడగాల్నంటె లైన్ అందది, అందుకని ఒకసారి తెచ్చిన జవాబును ఈ చిన్న మిషన్ తన దగ్గర పెట్టుకుంటది, రెండు రోజులు గడువు, గడువు దాటితె పారేసి కొత్తది తెచ్చుకుంటది అంటివి. గోడకు గూడు ఉన్నట్టన్నమాట అని నేనంటి. శెభాష్ కాకా అంటివి.

మరి గడువు లోపట ఎవరన్న మళ్ల అడిగితె ఎట్ల అంటి. గడువు మళ్ల మొదటి నుంచి మొదలైతది, పదిమంది అడిగే మాట దగ్గర్నే ఉండుడు మంచిదే గదా అంటివి.

ఇయ్యాల అదే తప్పంటున్నవ్. అడుగుతున్నంత కాలం పాతది చావది, కొత్తది రాది, గడువు తెచ్చుకున్న నాటి నుంచి లెక్కవెట్టాలె గని అడిగిన నాటి నుంచి కాదంటున్నవ్. తప్పే. ఇన్నేండ్లు కాంటా కాడ నిలవడ్డోన్ని, నాకు తెల్వదా? తూకం బాట్ల మీద సర్కారు ముద్ర గడువు దాటితె దాంతోని తూచొద్దు. నిన్న తూచినం, మొన్న తూచినం, రైతులు రోజూ వస్తున్నరు అంటె నడువది. ముద్ర వడ్డ నాటి నుంచే లెక్క.

నేను ఒక్కనాడు తూకంల వేలు పెట్టలే ధర్మా. బీడీ తాగలే, కల్లు ముట్టలే. సావుకారి పత్తి అయినా, చిల్పూర్ నుంచి ఎడ్లబండి కట్టుకొచ్చిన ముసలోని పత్తి అయినా, కాంటా ముల్లు నడిమిట్ల నిలవడేదాక నోరు తెరవలే. అసొంటోన్ని ఈ పని చేస్తున్న.

వాక్యాలు మార్చాలన్న రూల్ తప్పని నేనంటలేను, ఇను. నిఘంటువు పెద్దమనుషులు హైద్రాబాద్ల కూసొని, ఉదాహరణ వాక్యాలల్ల ఇంటి గుట్టు ఉండొద్దు, మనుషుల పేర్లు ఉండొద్దు, పుస్తకం లెక్క ఉండాలె అన్నరు. ఎందుకనరు? సినిమాలల్ల మన మాటను జోకర్ల నోట్ల పెట్టి నవ్విండ్రు. రాష్ట్రం కోసం ఊరూరా కూసున్నం. ఇప్పుడు మన మాటలకు పుస్తకం ఏస్తె, అండ్ల 'మా బాపు గిట్ల, మా అవ్వ గట్ల' అని ఉంటె మళ్ల నవ్వరా? వాళ్లల్ల ఒకడు, దానియేలు సారు, ఇంటికి వచ్చి మరీ చెప్పిండు. 'పోశయ్యా, సుమన మాటలు ఉంటయ్, అర్థాలు ఉంటయ్, వాక్యాలే మారుస్తం, ఏమనుకోకు' అన్నడు. అందరికి ఒకటే రూల్ అయితె నా బిడ్డకు వేరే ఎందుకు సార్ అంటి. అప్పటికి నేను ఒక్క వాక్యం సదవలే.

బిడ్డ పోయి ఏడాది కాలే అప్పటికి. జ్వరం మెదడుకెక్కిందన్నరు. దవాఖానల ఎవరిని గుర్తువట్టలే. నన్ను సుత.

సారు చెప్పి ఎల్లిపోయినంక ఈ మెట్లెక్కిన. బిడ్డ ఏం రాసిందో, ఆ వాక్యాలు పోకముందు ఒకసారి చూద్దామని. మీటల మీద ఆమెనే తెలుగు అక్షరాలు కత్తిరించి అంటుపెట్టింది గదా, వెతుక్కుంట 'బు' కొట్టిన.

చూడు, ఇప్పుడే కొడుత. అడ్డం రాకు, చూడు.

'బుగులు: భయం, దిగులు. బాపు సైకిల్ గంట ఇనవడితె మా ఇంట్ల రేడియోకు సుత బుగులు.'

నవ్వొచ్చిందా? నాకు సుత ముందుగాల నవ్వే వచ్చింది. రేడియోకు బుగులేంది అని. ఆయెనుక నవ్వు ఆగిపోయింది. నిజమే, నేను ఇంట్లకు అడుగు వెట్టంగనే సుమన తల్లి యాకమ్మ రేడియో బందు జేసేది. ఎందుకు బందు జేస్తున్నవ్ అని నేను ఒక్కనాడు అడగలే.

ఇంకోటి చూడు, 'తొ'. 'తొవ్వ: దారి. తొవ్వల ముల్లుంటె మేం పక్కకు జరుగుతం, మా బాపుకు ముల్లే జరుగాలె.' సూసినవా? ఎంత మాటన్నది! మొకం మీద అంటె దవడ పలిగేది. అందుకే ఇక్కడ అన్నది.

నీది సుత ఉన్నది, ఎరుకనా? ఎరుక లేదు గదా! పెద్ద ఇంజనీరువు, అందరి మాటలు సరిజేస్తవ్, నీ ముచ్చట నువ్వు సదువుకోలే. 'ఆ' కొడుతున్న. 'ఆగమాగం: తొందరల కలగాపులగం. ధర్మా బస్సెక్కితె ఆగమాగం, అంగి గుండీలు మీదియి కిందికి, కిందియి మీదికి.'

ఇప్పుడు చూసుకో నీ గుండీలు. నవ్వు, మంచిగ నవ్వు.

అయ్యో, ఏంది కొడుకా? నవ్వుమంటె గిట్ల చేస్తవేంది. తుడుసుకో. కింద దుకాణం వాళ్లు వస్తరు.

గార్ల కాడి తండా నుంచి వచ్చి మా బిడ్డతోని కలిసి పనిజేసినవ్. ఇంట్ల ఒక భాష, బయట ఒక భాష నీకు. ఇది నీ ఇంటి మాట కాకున్నా, కంటి మీద కునుకు లేకుంట దీనికి కష్టపడ్డవ్. అప్పుడు నేను నిన్ను ఇంట్లకు రానియ్యలే, అరుగు మీదనే చాయ్ ఇప్పిచ్చిన. అది సుత రాసిందేమో ఎక్కడన్న. నేను వెతుకలే.

ఎందుకు ఆపినవ్ అంటవా? మొదటి రోజు ఆపుదామని కాదు. మరునాడు మళ్ల సదవబుద్ధయింది, వచ్చిన. ఆ మూడోనాడు సుత. అట్ల ఎన్ని రోజులో పోయినంక, భూపాలపల్లిల ఇసొంటి మిషన్ అర్రల కూసునే పిల్లగాడు ఫోన్ జేసి 'కాకా, వాక్యాలన్ని మారినయ్, మంచిగున్నయ్' అన్నడు. నా మిషన్ల మారలే. అప్పుడు నీ గూడు ముచ్చట యాదికొచ్చింది. నేను అడుగుతున్న కాబట్టి పోతలేదు అని సమజయింది.

సమజయినంక సుత వచ్చిన. అది తప్పు. దాని ముందుది తప్పు కాదు, దాని వెనుకది తప్పు. నా లెక్క నాకు ఉన్నది.

మొన్న సకల జనుల సమ్మెల ఏమైందో నీకేం తెలుసు? భూపాలపల్లిల బొగ్గు తీసుడు బందు వెట్టిరి, ఇక్కడ కరెంటు పాయె. సమ్మె నాది సుత, నేను సుత మార్కెట్ బందు వెట్టి జెండా పట్టుకొని రోడ్డు మీద కూసున్నోన్నే. 'జై తెలంగాణ' అని ఒర్రుకుంట లోపల మాత్రం కరెంటు రావాలె దేవుడా అనుకుంటున్న. ఎంత సిగ్గు! రెండు రోజులు దాటితె అయిపాయె గదా. పుట్టి బుద్దెరిగి ఎవరిని చెయ్యి చాపి అడగనోన్ని, జిన్నింగ్ మిల్లు సేటు ఇంటికి పోయి బ్యాటరీ ఇయ్యమని అడిగిన. ఎందుకు పోశయ్యా అన్నడు. పని ఉన్నది అన్న. సైకిల్ మీద కట్టుకొని తెచ్చి, ఈ మెట్లు నెత్తి మీద మోసిన.

సేటు తరువాత అందరికి చెప్పి నవ్విండట. పోశయ్య సుత సినిమాలు చూస్తున్నడు అని.

అక్షరాలు కొట్టి, చూసుకొని, ఇంటికి పోతె యాకమ్మ అడుగుతది. ఆమెకు సదువు రాదు. 'ఇయ్యాల బిడ్డ ఏమన్నది?' అని అడుగుతది, బిడ్డ జనగామ బజార్ల కలిసినట్టు. నేను అబద్ధం ఆడను గదా. ఉన్నది ఉన్నట్టు చెప్త. రేడియో మాట చెప్పిననాడు, పప్పు కలుపుకుంట, 'అబద్ధం రాసిందా?' అన్నది. గంతే అన్నది. ఇరువై ఏడేండ్ల సంసారంల నాకు ఎదురు తిరిగి అన్న మాట గదొక్కటే.

ఏంది? అచ్చు కొట్టి ఇస్తవా? కాగితం మీద?

వద్దు. కాగితం ఏం చేసుకోను? దాన్ని నేను అడిగేది లేదు, అది నాకు చెప్పేది లేదు. ఇక్కడ నేను ఒక్క అక్షరం కొట్టంగనే మిగిలింది తనే అందుకొని చెప్తది. బతికున్ననాడు ఆమె ఒక్క అక్షరం అనంగనే మిగిలింది నేను అందుకొని, ఏం చెప్పాల్నో అది సుత నేనే చెప్పి, పో లోపలికి అనేటోన్ని.

నువ్వు పని చెయ్యి. నేను ఆపను. ఎందుకు ఆపనో చెప్త ఇను. మొన్న వర్ష వచ్చింది, కింద టైలర్ బిడ్డ, తొమ్మిదో తరగతి. స్కూల్ల ఏదో రాసుకరమ్మన్నరట. ఒక్క 'బు' కొట్టి సూసింది, సుమన వాక్యం వచ్చింది. ఇంకో అక్షరం కలిపి 'బుగు' కొట్టింది, కొత్త వాక్యం వచ్చింది. రెండక్షరాలతోని నేను ఎన్నడు కొట్టలే గదా, అది గూట్ల లేదు, పెద్ద మిషన్ని అడిగి తెచ్చుకున్నది. ఆ పిల్ల నా దిక్కు తిరిగి, 'తాతా, ఏది నిజం? ఏది రాసుకోవాలె?' అన్నది.

ఒకే మాట, రెండు కొలతలు! నేను తాళం తీసే అర్రల! ఒక బాటు ముద్రది, ఒక బాటు ముద్ర లేనిది, రెండు పెట్టుకొని కూసున్నోన్ని ఏమంటరు ధర్మా? నేను ఇసొంటోళ్లను మార్కెట్ల నుంచి ఎల్లగొట్టిచ్చిన.

కొత్తది రాసుకో బిడ్డా అని చెప్పిన. ఆ మాపటికే నీకు ఫోన్ జేసి, జనగామ మిషన్ల గడువు ఖరాబైంది, వచ్చి చూడు అన్న. నీకు ఫోన్ జేసింది నేనే గదా. మరి దొంగను అన్నట్టు ఎందుకు చూస్తవ్?

మాట మారంగనే దాని ఒక్క అక్షరం కింద, రెండక్షరాల కింద, మూడక్షరాల కింద ఉన్న పాత జవాబులన్ని ఒక్కసారే పోయేటట్టు చేస్తనంటివి. మంచిది. అట్లనే చెయ్యి. సగం సగం చెయ్యకు, వర్ష అసొంటి పిల్లలు మళ్ల అడుగుతరు.

కూసో. కుర్చీ ఇస్త. గని ఒక్క అక్షరం. ఒక్కటే కొట్టి లేస్త.

'పా'.

పాట, పాతర, పానం... కిందికి రా. గిది. 'పాయిరం: ప్రేమ, ఆపేక్ష.' దాని ఎనుక సదువు, నీ కండ్లతోని సదువు.

'ఉదాహరణ: ఇంకా దొరకలే.'

గంతే రాసింది. అన్ని మాటలకు బాపు దొరికిండు, అవ్వ దొరికింది, నువ్వు దొరికినవ్. దీనికి దొరకలేదట. తరువాత రాద్దామనుకున్నదేమో. జ్వరం వచ్చింది.

రోజూ మెట్లెక్కేది బుగులు కోసం కాదు ధర్మా, తొవ్వ కోసం కాదు. ముందుగాల కొట్టేది గిదే. యాకమ్మకు గిదొక్కటి చెప్పలే. ఆమె అడిగింది, అన్ని చెప్పిన, గిది లేనట్టే దాటేసిన. అబద్ధం ఆడని పోశయ్య. ఇంకా దొరకలే అని ఉన్నన్నాళ్లు, బిడ్డ ఎక్కన్నో కూసొని ఇంకా వెతుకుతున్నదనిపిచ్చేది. వెతుకుతుంటె ఎన్నడన్న ఒకనాడు మన ఇంటి దిక్కు సుత చూస్తదేమో అని.

పెద్ద మిషన్ల దీని కింద ఏం రాసిండ్రు? సదువు, నేను ఇంట.

'ఆవుకు లేగ మీద పాయిరం.'

మంచిగున్నది. తప్పేం లేదు. ఆవుకు ఉంటది.

కొట్టు.

ఏం చూస్తున్నవ్? ఐదు నిమిషాల పని అంటివి. మార్కెట్ల బండ్లు వచ్చి ఉంటయ్, నాకు ఆలస్యమైతున్నది. కొట్టు కొడుకా.