ఇరుసు మోసే బరువు

కొలరాడోలో ఒక కొండ కనుమ కింద పాత క్యాంపింగ్ ట్రైలర్లు అమ్మేవాడి దగ్గరికి, నిరుడు ఒకటి కొన్నవాడు వచ్చాడు. కాస్త దూరంలో ఒక కొత్త జంట ఇంకో ట్రైలర్‌ చూసుకుంటోంది.

"రా అన్నా, మళ్ళీ కొనడానికా?"

"మా ఆవిడ లొరెట్టా కాలు తీసేశారు. అది చెప్పిపోదామని."

"కనుమ దిగుతుంటే మీ ట్రైలర్‌ ఇరుసు విరిగితే నా తప్పా?"

"ట్రైలర్‌లో ఉన్న తొట్టి నిండా నీళ్ళు పోసుకోండి, ఇరుసు మోసే బరువులో నీళ్ళు లెక్కకి రావన్నావు."

"అమ్మేవాళ్ళం అందరం అంటాం."

"అయితే వాళ్ళకి అంటగడుతున్న ఆ ట్రైలర్‌లోనూ నీళ్ళు నింపు. నీ పెళ్ళాన్ని కార్లో పక్కన కూర్చోబెట్టుకుని, దాన్ని లాక్కుంటూ కనుమ దిగు."

"పిచ్చా నీకు? సామానుకి నీళ్ళు కూడా తోడైతే ఆ ఇరుసు ఆగదు."

"గట్టిగా చెప్పు. వాళ్ళకి వినపడలేదు."