నిలబడే అలవాటు

కువైట్‌లో ఏడేళ్లు ఒకరింట్లో పనిచేసి ఆమె పెనుకొండకు తిరిగొచ్చి నాలుగు రోజులైంది. మధ్యాహ్నం భర్తకు తట్టలో సంగటి వడ్డించి, గోడకు ఆనుకుని నిలబడింది.

"నువ్వూ కూచో మే. అట్ల నిలబడుకుంటే నాకు ముద్ద దిగడం ల్యా."

"నువ్వు తినయ్యా. నేను మళ్లా తింటాలే."

"వచ్చినకాడ్నుంచీ చూస్తాండా. నేను లేస్తే గానీ నువ్వు తట్ట ముట్టుకోవు. ఇది నీ ఇల్లు, పరాయోళ్లది కాదు."

"నాకు తెల్దా?"

"ఆ కువైటోళ్లు నిన్ను ఇట్లనే నిలబెడ్తాండిరా? ఎంత గోస పడితివో ఏమో!"

"ల్యా. ఆ ఇంటామె మంచిది. నన్ను పక్కన కూచోబెట్టుకోనే తింటాండె. మొదట్లో నాకే సిగ్గయితాండె, పోనుపోను అలవాటయింది."

"మరి ఈడికొచ్చి ఇదేం అలవాటు?"

ఆమె సంగటి గిన్నె మీద మూత పెట్టింది.

"ఇది ఆడ నేర్చింది కాదయ్యా. పెండ్లయి ఈ ఇంటికొచ్చినకాడ్నుంచీ ఇట్లనే నిలబడితి. నువ్వు ఇప్పుడు చూస్తాండావు."

అతని చేతిలోని ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆమె వెళ్లకముందు పన్నెండేళ్లు ఈ గదిలోనే కడుపునిండా తిన్నాడు. తను లేచాక ఆమె ఏం తిన్నదో ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు. చూసి ఉంటే కదా గుర్తుండడానికి! సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

"అప్పుడు... నీకు మిగుల్తాండెనా?" అన్నాడు తట్టలోకే చూస్తూ.

"ఒక్కోసారి మిగుల్తాండె" అంది ఆమె, నీళ్ల చెంబు అతని దగ్గరకు జరుపుతూ.