రక్తం కట్టే మందు

అందరికీ నమస్కారం. కుట్టు మిషన్లు ఆపి, ఇస్త్రీ బల్లలు గోడకి జరిపి, నా బిడ్డ కోసం వచ్చి కూర్చున్న మీకందరికీ దండం. నాకు మైకులో మాట్లాడ్డం రాదు. రాసుకొచ్చిందే చదువుతాను. తడబడితే ఓర్చుకోండి.

నెల కూడా నిండని పిల్లకి సంతాప సభ ఏమిటని కొందరు అన్నారట. వాళ్ళ మీద కోపం లేదు. కానీ అమ్మలారా, నెల నిండకపోతే మనిషి కాదా? దానికో తీరు ఉండదా? ఉంది. చెబుతాను వినండి.

పేరు పెట్టలేదు. గుండె నాళాలు తారుమారై పుట్టింది, ఆపరేషన్ అయ్యాక పెడదాం అనుకున్నాం. వార్డు నర్సమ్మ 'దొరసాని' అనేది, అదే మిగిలింది. రెండు గుక్కలు తాగితే చాలు, చెమట పట్టి కళ్ళు మూసేది. సీసా తీశామా, ఒంటికన్ను తెరిచి చూసేది. "దొరసానిగారికి భోజనం మధ్యలో కునుకు కావాలి, సీసా మాత్రం కదలకూడదు" అని నర్సమ్మ నవ్వేది. ఆవిడ డ్యూటీ మార్చుకుని వచ్చింది, అదిగో వెనక వరసలో.

ఎడమకాలికి ఎర్రదీపం పట్టీ కట్టేవారు, ఊపిరి ఎలా అందుతోందో చూడడానికి. దాన్ని తన్నేసేది. మిషను గోల పెట్టేది. డాక్టర్లు పరుగెత్తుకొచ్చి చూస్తే, ఇది తీరిగ్గా ఆవలిస్తూ ఉండేది. "నోట్లో నాలుక లేనిదానికి ఇంత పెంకి ఘటం ఎలా పుట్టిందే" అంది మా అత్త. నిజమే అత్తా. నా నోరు కూడా దానికే పోయింది. ఇవాళ తిరిగిచ్చినట్టుంది.

ఆపరేషన్‌కి ముందు డాక్టరుగారు కూర్చోబెట్టి చెప్పారు. గుండె ఆపి మిషను మీద పెడితే ఇంత చిన్న పిల్లల రక్తం పలచబడుతుంది, కోసిన చోట ఆగదు, అందుకని రక్తం కట్టే మందు ఇస్తాం అన్నారు. నాకు వినపడింది రక్తం పట్టే మందు. కడుపుతో ఉన్నప్పుడు నేను తాగిందే, తుప్పు వాసన వేసే టానిక్కు. బిడ్డకి రక్తం పడితే మంచిదేగా అని తల ఊపాను. ఆయన నష్టాల గురించి కూడా చెప్పారు. టానిక్కుకి నష్టమేముంటుంది?

ఆపరేషన్ అయింది. రక్తం కట్టింది అన్నారు. మా ఆయన గోడకి చేరబడి సంతోషంతో ఏడ్చాడు. మర్నాటికి ఉచ్చ కూడా కట్టేసింది, చుక్క రాలేదు. ఆ తర్వాత కుట్టిన నాళంలో గడ్డ కట్టిందన్నారు. అదే మాట అమ్మా, అదే మాట. మొదట విన్నప్పుడు దండం పెట్టాను. చివర విన్నాక బిడ్డ దక్కలేదు.

మందు వల్లేనా సార్ అని అడిగాను. ఆయన తప్పించుకుపోలేదు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నారు. "అవునని చెప్పలేను తల్లీ, కాదనీ చెప్పలేను. అది ఇవ్వకపోతే రక్తం పోయి దక్కని పిల్లలున్నారు. ఇస్తే, ఇంత చిన్న ఒంటికి ఎంత చాలు, ఎంత ఎక్కువ అన్నది పెద్దవాళ్ళ విషయంలో తెలిసినంతగా మాకు తెలియదు" అన్నారు. తిట్టుకుందామంటే నోరు రాలేదు. ఊరుకుందామంటే మనసు ఊరుకోలేదు.

ఇప్పుడు నా భయం నా బిడ్డ గురించి కాదు. పోయినదానికి ఇంకేం భయం? ఆసుపత్రిలో మా పక్క మంచం పిల్లాడి తల్లి ఇక్కడే ఉంది. ఎల్లుండి వాడికి ఆపరేషన్. నిన్న నా చెయ్యి పట్టుకుని "అక్కా, ఆ మందు వద్దని చెప్పనా?" అంది. ఏం చెప్పను? వద్దంటే రక్తం ఆగకపోతే? సరే అంటే మా పిల్లకి అయినట్టే అయితే? పొద్దున గుండీలు కుడుతూ అదే ఆలోచన. సూది వేలికి గుచ్చుకుంది. చుక్క రక్తం వచ్చింది, చూస్తుండగానే కట్టింది. ఎప్పుడూ లేనిది, దాన్ని చూసి సూది పక్కన పెట్టేశాను.

చెల్లీ, వద్దని నేను చెప్పను. సరే అనమనీ చెప్పను. నాకు తెలియదు. ఒక్కటే, ఊరికే తల ఊపకు. పట్టేదా, కట్టేదా అని అడుగు. ఎంత ఇస్తారు, ఇచ్చాక ఉచ్చ ఎవరు చూస్తుంటారు, గడ్డ కడుతుంటే ముందే ఎలా తెలుస్తుంది, అడుగు. విసుక్కుంటే విసుక్కోనీ, మళ్ళీ అడుగు. డాక్టరుగారూ, తలుపు దగ్గర నిలబడ్డారు, చూశాను. మా పిల్లకి జరిగింది మిగతా డాక్టర్లకి చెబుతానన్నారు. చెప్పండి. ముందు ఈ చెల్లికి చెప్పండి, ఎల్లుండి లోపు.

ఇక లేవండి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కూర్చోండి, పర్లేదు. గొంతులో గొట్టం ఉన్న పిల్లలు ఏడిస్తే చప్పుడు రాదు. నోరు తెరుచుకుంటుంది, మొహం కందిపోతుంది, అంతే. నా బిడ్డ చివరి ఏడుపు నేను చూశాను గానీ వినలేదు. ఫ్యాన్లు కూడా ఆపమన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడకండి. అది ఇలాగే ఏడ్చింది. అందరం నిలబడి ఒక్కసారి విందాం.