ఆదెయ్య కింది సంతకం

ఆ మెట్టు మీద కూర్చున్నావేందమ్మా, పైకి రా, కుర్చీ ఉంది గదా. సరేలే, గాలి ఆడే బాగా తగులుతుంది. వనజాక్షీ, రెబెక్కమ్మ మనవరాలు వచ్చింది, టీ పెట్టు. క్యాథరిన్ గదా నీ పేరు? కృష్ణపట్నం పోర్టులో కంటెయినర్లు లెక్కబెట్టే ఉద్యోగమని మీ అవ్వ చెప్పింది. రోజుకు ఎన్ని దిగుతాయి? అన్ని దిగుతాయా? మా కాలంలో ఆడ చేపల పడవలు తప్ప ఏముండేవి. ఊఁ, నువ్వొచ్చిన పని చెప్పు. చర్చికి నూరేళ్లయిందని పుస్తకం వేస్తున్నారు, దాంట్లో మీ ముత్తాత ఆదెయ్య మీద ఒక పేజీ నువ్వు రాస్తున్నావు, అంతేగా? ఏం రాసినావో చదువు. 'దక్షిణాఫ్రికాలో నల్లవాళ్ల కోసం మన ఊరి నుంచి ఐక్యరాజ్యసమితికి పోయిన సంతకాల్లో ఆదెయ్య గారిదే మొదటిది.' బాగా రాసినావు. ఎన్ని సంతకాలో అంకె వేస్తే ఇంకా బాగుంటుందంటావా. నీకు అంకెలే ముందు కావాలి. చెప్తాలే, కాస్త ఆగు.

ఆదెయ్యను నువ్వు చూళ్లేదు గదా. ఈ ఊరి కాలవ నీళ్లు ఏ చేనికి ఎంతసేపు పోవాలో చూసే మనిషి. చేతికి గడియారం లేదు, పార కర్ర నిలబెట్టి దాని నీడ చూసేవాడు. ఒకరి మొహం ఒకరు చూసుకోని అన్నదమ్ములు కూడా ఆదెయ్య మడవ కట్టి నీళ్లు మళ్లిస్తే కిక్కురుమనేవాళ్లు కాదు. అంత నమ్మకం. నేను బళ్లో కొత్తగా చేరిన మేష్టర్ని, ఇరవై ఆరేళ్లు. ఆయనకు యాభై దాటినాయి. నేను 'ఒరే ఆదెయ్యా' అనేవాణ్ణి. ఆయన నన్ను 'అయ్యవారూ' అనేవాడు. అది తప్పని అప్పుడు అనిపించలా. ఇప్పుడు నీ ఎదురుగా చెప్పాలంటే నాలుక తిరగడం లేదు. ఏ సంవత్సరమా? డెబ్బై ఎనిమిది, రాసుకో. దివిసీమ తుపాను మరుసటేడు. ఆ తుపాను మనల్ని కూడా వదల్లా, బడి పెంకులు ఎగిరిపోతే మళ్లీ కప్పించేదానికి నాలుగు నెలలు పట్టింది, పిల్లోళ్లను వేపచెట్టు కింద... ఏం చెప్తున్నా నేను? ఆ, సంతకాలు.

ఆ మార్చిలో పైనించి కాగితం వచ్చింది. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష పోవాలని ఐక్యరాజ్యసమితి చెప్తే ప్రపంచమంతా ఈ ఏడు సభలు జరుపుతున్నారు, మీ బళ్లో మీటింగ్ పెట్టండి, ఊరి జనం చేత సంతకాలు చేయించి పంపండి అని. హెడ్మాస్టరు దాన్ని నా నెత్తిన పెట్టినాడు. నాకు అసలే మాట్లాడటం సరదా. స్వాతంత్ర్యం రాకముందే అందరికంటే ముందు ఆ దేశంతో వ్యాపారం మానేసింది మనమేనని చెప్పినా. మన పాస్‌పోర్టు మీద ఆ దేశానికి చెల్లదని అచ్చేసి ఉంటుందని చెప్పినా. ఈ ఊళ్లో పాస్‌పోర్టు చూసిన మొహం ఒక్కటీ లేదు, నాతో సహా. తెల్లవాళ్లకొక బెంచి, నల్లవాళ్లకొక బెంచి, నీళ్ల కొళాయి కూడా వేరేనంట అంటే పిల్లోళ్లు నోళ్లు తెరుచుకుని విన్నారు. ఊరికి ఎడంగా ఉండే మీ పాలెం పిల్లోళ్లు వెనక వరసలో కూర్చుని విన్నారు. వాళ్లెప్పుడూ వెనక వరసే. కిటికీ బయట నిలబడి ఆదెయ్య విన్నాడు. అంతా అయినాక వచ్చి, ఆ దేశం పేరు ఇంకోసారి చెప్పమన్నాడు. నాటాలు అనే ఊరు ఆడేనా అని అడిగినాడు. వాళ్ల పెదనాయన మద్రాసులో ఓడెక్కి నాటాలు చెరుకు తోటలకు పోయినాడంట. పోయి ఒకే ఒక జాబు రాయించినాడంట, 'ఈడ కూడా మనల్ని పక్కన నిలబెడుతున్నారు' అని. ఆదెయ్య అది నోటికి అప్పజెప్పినాడు. నేను పాపం అన్నా. నాటాలు సంగతికే పాపం అన్నా, ఈడ మన ఊరి సంగతి నా బుర్రకు తట్టలా.

సంతకం పెడతానన్నాడు. వేలిముద్ర వేద్దువులేరా అన్నా. 'సముద్రం దాటి పోయే కాగితం గదా అయ్యవారూ, పెదనాయన పిల్లలు చూస్తే మావోళ్లు ఇంకా వేలిముద్రల కాడే ఉన్నారనుకుంటారు' అన్నాడు. ఎనిమిది రోజులు గడువు అడిగినాడు. మీ అవ్వ రెబెక్కమ్మ మిషన్ బళ్లో చదువుకుంది గదా, ఆమె నేర్పించింది. కాలవ గట్టు మీద బురదలో పుల్లతో రాసుకునేవాడు. నీళ్లు వదిలితే చెరిగిపోయేది, మళ్లీ రాసేవాడు. తొమ్మిదో రోజు నేను పొద్దున్నే బడి తలుపు తీసే సరికి చర్చికి వేసుకునే తెల్లచొక్కా వేసుకుని నిలబడున్నాడు. కూర్చోమంటే కూర్చోలా, వంగి రాసినాడు. 'య్య' కింద ఒత్తు పెద్దదై గీత దాటింది. దాని కింద నేను పెట్టినా, ఆయన ముచ్చట చూసి నాక్కూడా ఉషారొచ్చింది. తర్వాత పాలెం వాళ్లంతా వచ్చి పెట్టిపోయినారు. తొమ్మిది గంటలకంతా అయిపోయింది.

పది గంటలకు పంచాయతీ ప్రెసిడెంటు నలుగురు పెద్దలతో వచ్చినాడు. కాగితం తీసుకున్నాడు, పెన్ను క్యాపు తీసినాడు. పైనించి కిందికి చదివినాడు. క్యాపు మళ్లీ పెట్టేసినాడు. కోపం లేదమ్మా, గొంతు పెంచలా. 'మేష్టారూ, ఆ నల్లవాళ్ల కష్టం వింటే నా కడుపు తరుక్కుపోతుంది. వాళ్ల కోసం ఎన్ని సంతకాలైనా పెడతా. అంతమాత్రాన ఆదిగాడి కింద పెట్టమంటారా?' అన్నాడు. అందరూ తలకాయలు ఊపినారు. హెడ్మాస్టరు నా వైపు చూసినాడు. ఇంకో కాగితం తీయి అన్నాడు. నేను తీసినా. స్కేలు పెట్టి గీతలు కూడా గీసినా. ప్రెసిడెంటు గారిది మొదటిది, రెండోది నాదే, తర్వాత ఊరు ఊరంతా. ఏ కాగితం మీద పెడుతున్నామో చూసుకుని నవ్విన మనిషి ఒక్కడు లేడు. నాక్కూడా నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. గీతలు వంకర పోకుండా చూసుకున్నా, అంతే.

సాయంత్రం రెండు కాగితాలూ కవర్లో పెట్టబోతే హెడ్మాస్టరు ఆపినాడు. ఒకే ఊరికి రెండెందుకని ఆఫీసులో అడిగితే ఏం చెప్తావయ్యా అన్నాడు. ఒక్కటే పంపినాం. ఏది పంపినామో నీకు చెప్పే పన్లేదు. కావాలంటే ఆదెయ్యను పిలిచి, రెండోదాని అడుగున మళ్లీ పెట్టమని ఉండొచ్చు. అడుగున ఎందుకు అయ్యవారూ అని ఆయన అడిగితే చెప్పేదానికి నాకు మొహం చెల్లలా. నాలుగు రోజులకు కాలవ కాడ కనబడి, 'పోయిందా అయ్యవారూ?' అన్నాడు. పోయింది అన్నా. 'అందరివీ?' అన్నాడు. అందరివీ అన్నా. ఏటేటా అడిగేవాడు, జవాబేమైనా వచ్చిందా అని. వస్తుందిలే, పెద్దాఫీసు గదా అనేవాణ్ణి.

తొంభై నాలుగులో టీవీలో చూపించినారు, ఆ దేశంలో నల్లవాళ్లు బారులు తీరి ఓటేస్తుండేది. రెండు రోజులకు మీ ముత్తాత పక్కూరు వెంకటాచలం పోయి బజార్లో మైసూర్‌పాకు కొనుక్కుని, కర్ర పట్టుకుని మా ఇంటికి వచ్చినాడు. నువ్వు కూర్చున్నావే, ఆ మెట్టు కాడే నిలబడినాడు. 'మనం పెట్టింది వృథా పోలేదయ్యవారూ' అన్నాడు. మనం అన్నాడమ్మా. చెప్పాలంటే అప్పుడే చెప్పాల. నేను రెండు ముక్కలు తిన్నా. బాగుంది కూడా. వనజాక్షి టీ ఇచ్చింది, చూరు కింద గూట్లో వేరేగా ఉండే గ్లాసులో. తాగి, తనే కడిగి, గూట్లో బోర్లించి పోయినాడు. దక్షిణాఫ్రికా మారిపోయిన వారంలోనే ఇదంతా.

ఆయన పోయింది తొంభై ఏడులో. సమాధి కాడ పాస్టరు గారు నన్ను నాలుగు మాటలు చెప్పమన్నాడు. లేచి ఏం చెప్పినాననుకున్నావు? ఐక్యరాజ్యసమితికి పోయిన సంతకాల్లో ఆదెయ్యదే మొదటిదని చెప్పినా. నువ్వు రాసిన వాక్యం ఉందే, అది నాదేనమ్మా. ఆ తర్వాత నాలుగేళ్లకు ఆ దేశంలోనే జాతివివక్ష మీద పెద్ద సభ జరిగింది. మన కులం సంగతి ఆడ ఎత్తగూడదని మన సర్కారు పట్టుబట్టిందని పేపర్లో చదివినా. ప్రెసిడెంటు గారి పెన్ను క్యాపు కళ్లముందు కనబడింది. ప్రెసిడెంటును అనేదేముంది, స్కేలు పట్టుకున్నది నేను గదా. అందుకని ఆ వాక్యం కొట్టెయ్. పోయిన సంతకాల్లో ఆదెయ్యది లేదు. మీ అవ్వకు కూడా నువ్వే చెప్పు, నేను చెప్పలేను.

ఆ బల్ల మీద పాత అట్లాసు ఇట్టియ్యి, పంపని కాగితం దాంట్లోనే దాచినా. ఇదిగో. మడతల కాడ చినుగుతుంది, మెల్లిగా పట్టుకో. చూసినావా, గీత దాటిన ఒత్తు. ఫోటో తీసుకో, ఆ కాగితం కూడా తీసుకుపో, నాకెందుకు. లెక్కబెడుతున్నావా? నలభై ఒకటి ఉంటాయి. పోయినదాంట్లో నూట డెబ్బై ఒకటి, నేనే లెక్కబెట్టి అడుగున అంకె వేసినా. రెండూ కలిపితే రెండు వందల పన్నెండా? కాదమ్మా. మనుషులు రెండు వందల పదకొండు మందే. ఒకడు రెండింట్లోనూ పెట్టినాడు. ఆదెయ్య కింద ఏం పేరుందో చదువు.

ఆ.

అది పుస్తకంలో వెయ్యాలా వద్దా అని నన్నడుగుతావేంది... టీ చల్లారిపోతుంది, తాగు. నీ బస్సు నాలుగున్నరకా? ఆ ఎండలో ఎందుకు నిలబడేది, ఇంకాసేపు కూర్చో. వద్దా, సరే. గ్లాసు ఆడే పెట్టు. నువ్వు కడగబాకమ్మా.